మా ఇంటి వెనక మేకుకి వేలాడిన రాంచీ

రాయి జ్యోతీ. నేను ఎలా చెబితే అలాగే రాయి, మధ్యలో నీ బడి తెలుగు కలిపి నా నోరు కడగొద్దు. నాకు సంతకం వచ్చు, బైబిల్లో పెద్ద అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. జ్యోతి మా చెల్లెలి కూతురు. పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో నా పక్క వాటాలో ఉంటుంది, బడిలో తెలుగు చెబుతుంది. ఈ దీవిలో పుట్టిన పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ రాయమంటే చేతులు వెనక్కి పెట్టుకుంటారు; తప్పుల్లేకుండా రాసే చెయ్యి నాకు దొరికింది ఇదొక్కటే. నా పేరు దీవెనమ్మ. నా మొగుడు బోటు మీద లష్కరు, అంటే కళాసీ; పోయి చాలా కాలమైంది. జ్ఞాపకాలు చెప్పుకోవాలన్న సరదా నాకు లేదు. విమలమ్మ వచ్చి నా నోట్లో తన మాటలు పెట్టబోయింది. అవి ఉమ్మేసి, నావి చెబుతున్నాను.

విమలమ్మ ఎవరంటే, మాయాబందర్‌లో మాకు జాగ్రఫీ చెప్పిన మాస్టారి కూతురు. నా ఈడుదే. బళ్ళో నాకంటే రెండు బెంచీల ముందు కూర్చునేది. ఇప్పుడు కూడా ముందు బెంచీలోనే ఉంది. తెలుగువాళ్ళ సంఘంలో పెద్ద. సంఘం పుస్తకం వేస్తున్నారట, పాతవాళ్ళ మాటలు కావాలట. ఆపిల్ పళ్ళు, ఒక కేకు పట్టుకుని వచ్చి, నా మంచం మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం తీసింది.

"దీవెనమ్మా, నువ్వు ఊరికే చెప్పు, నేను రాసుకుంటా. ఆ రోజుల్లో ఇక్కడ కులం లేదు, పెద్దా చిన్నా లేదు, అందరం ఒకే కుటుంబంలా బతికాం. అలా మొదలుపెడదామా?"

"ఎవల కుటుంబం?" అన్నాను.

నవ్వింది. "అదేంటి, మనందరిదీ. మన కష్టాలు కూడా ఒక్కటే కదా. గుర్తులేదా, బళ్ళో మనల్ని కాలీ, మద్రాసీ అని ఏడిపించేవాళ్ళు? నేను ఇంటికెళ్ళి మొహం మీద శనగపిండి రుద్దుకుని రుద్దుకుని ఏడ్చేదాన్ని. ఇప్పటికీ కడుపు మండుతుంది. అది జాతి వివక్ష కదా. ఆ మాట అప్పుడు మనకి తెలీదు గానీ."

ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అబద్ధపు నీళ్ళు కావు. నల్లది అనే ఆ కాలీ మాట నాకూ తగిలింది, నాకూ మండింది. కానీ ఆ నీళ్ళు చూస్తే నాకు ఒళ్ళు ఇంకా మండింది.

"విమలమ్మా, మీ వంటింటి కిటికీ మీద కిరస్తానీ గ్లాసు ఉండేది, గేపకం ఉందా?"

"ఏ గ్లాసు?"

ఏ గ్లాసట! మా అమ్మ సువార్తమ్మ సెలవు రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళి మిరపకాయలు దంచేది, పసుపు దంచేది. నేను కూడా వెళ్ళి జల్లెడ పట్టేదాన్ని. కారం ఘాటుకి ముక్కులు కారి, కళ్ళు మండి, గొంతు ఎండిపోయేది. అప్పుడు వాళ్ళమ్మ లోపల్నించి అరిచేది, "ఆ కిరస్తానీ గ్లాసు ఇలా తియ్యండే" అని. కిటికీ చెక్క మీద బోర్లించిన సొట్టల సత్తు గ్లాసు అది. తీసి ఇచ్చేది ఎవరనుకున్నారు? ఈ విమలమ్మే. రెండు వేళ్ళతో అంచు పట్టుకుని మెట్టు మీద పెట్టేది. మా నాన్న ప్యూను, ఆ మాస్టారి బళ్ళోనే. మేము వాళ్ళింటి గడప దాటింది లేదు.

"మా అమ్మ అలాంటిది కాదు," అంది విమలమ్మ. "ఏదో శుభ్రం కోసం... నాకు నిజంగా గుర్తు లేదు, దీవెనమ్మా. ఒట్టు."

ఒట్టు వెయ్యనక్కర్లేదు. ఆమెకి నిజంగానే గుర్తు లేదు, అదే నాకు మండేది. అబద్ధమాడి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. తనని కాలీ అన్న ఒక్కో పిల్ల పేరూ ఇంటిపేరుతో సహా గుర్తుంది. తన చేత్తో మెట్టు మీద పెట్టిన గ్లాసు మాత్రం గుర్తు లేదు. గ్లాసు అందుకున్న చేతికి జ్ఞాపకం ఉంటుంది, పెట్టిన చేతికి ఉండదు. ఇదే మాట మొహం మీద అన్నాను. ఆపిల్ పళ్ళు అక్కడే వదిలేసి, "నీకు మనసు బాగోలేనట్టుంది, మళ్ళీ వస్తా" అని దిగిపోయింది. మనసు బాగోలేదట. నాకేమన్నా జబ్బా?

ఆమె మెట్లు దిగుతుంటే వినబడేలాగే అరిచాను. గ్లాసులు వేరు పెట్టిన జాతి, కుటుంబమంట కుటుంబం, అని అరిచాను. అరిచి అరిచి ఆయాసం వచ్చి, వంటకి పొద్దెక్కిపోతోందని, జ్యోతితో ఎప్పుడూ అనే మాటే అన్నాను.

"ఒలే జ్యోతీ, రాంచీతో రెండు కొలతలు తీసి కడుగు."

జ్యోతి బియ్యం డబ్బా దగ్గరికెళ్ళి, మూత తీసి, అలాగే నిలబడింది. "పెద్దమ్మా, చిన్నప్పట్నుంచీ అడుగుదామనుకుంటున్నా. దీన్ని రాంచీ అంటావెందుకు? రాంచీ ఊరు కదా?"

నేనూ వెళ్ళి డబ్బాలోకి చూశాను. విమలమ్మ మెట్లు ఇంకా దిగుతూనే ఉంది.

అది చెవి ఉన్న పింగాణీ పూత గ్లాసు. ఒకప్పుడు తెలుపు, నీలం అంచు. అడుగున పెచ్చులూడి నల్లబడింది. మా అమ్మ పోయాక ఆమె పెట్టెతో పాటు నా దగ్గరికి వచ్చింది. నిండా తీస్తే సరిగ్గా ఒక మనిషి తినే బియ్యం. నా పిల్లల్ని దాంతో కొలిచి పెంచాను. రోజుకి రెండుసార్లు చేత్తో పట్టుకున్నాను, రెండుసార్లు నోటితో పిలిచాను. కానీ అది ఎవరి గ్లాసో ఒక్కరోజు తలుచుకోలేదు. గుర్తులేక కాదు, గుర్తు పక్కకి చూడకుండా నడిచాను. దానికంటే విమలమ్మ మరపే మర్యాద.

మాయాబందర్‌లో మేమున్నది చెక్క ఇల్లు, కాళ్ళ మీద నిలబెట్టి రేకులు కప్పినది. వాన పడితే రేకుల మోతలో పక్కనున్న మనిషి మాట వినబడేది కాదు. ఆ ఇల్లు ఎప్పుడూ నానిన చెక్క వాసన, ఎండుచేపల వాసన, కిరసనాయిలు వాసన కలిపి కొట్టేది. విశాఖపట్నం నుంచి ఓడ వస్తే చింతపండు వచ్చేది; ఓడ ఆలస్యమైతే మా అమ్మ ముద్దని గోలీలంత చేసి, పులుసుకి ఒక్క గోలీ వేసేది. మా నాన్న పొద్దున్నే ఖాకీ చొక్కాకి చెంబులో నిప్పులేసి ఇస్త్రీ చేసుకునేవాడు. ప్యూనైనా గవర్నమెంటు మనిషి. మా అమ్మకి ఆ ఖాకీ అంటే ప్రాణం. ఆరేసినప్పుడు పక్క ఇళ్ళవాళ్ళకి కనబడేలా వీధి వైపు ఆరేసేది.

వారానికి రెండుసార్లు కట్టెలమ్మే ఫూల్‌మనీ వచ్చేది. అడవి నరికే పనికి వాళ్ళ తాతల్ని రాంచీ వైపు నుంచి ఓడలో తెచ్చి దించారు. అందుకని ఆ జనం మొత్తానికి ఈ దీవుల్లో పేరు రాంచీలు. ఎవరి జాతి ఏదో, ఎవరి భాష ఏదో అడిగినవాడు లేడు. ఎక్కిన ఊరే పేరైపోయింది. ఫూల్‌మనీ తల మీద కట్టెల మోపు, పైన వెదురు కొమ్ములు చుట్టిన ఆకు పొట్లం. వెనక వసారా దగ్గర మోపు దించి, మెడ అటూ ఇటూ తిప్పి, "సువార్తా దీదీ, పానీ" అనేది. మా అమ్మ కంటే పెద్దదే, అయినా దీదీ అనేది. మా అమ్మ నాతో అనేది, "పాపా, రాంచీ తియ్యి."

వసారా స్తంభానికి బయటివైపు మేకు. ఆ మేకుకి ఈ గ్లాసు. నేను తీసి ఫూల్‌మనీ చేతికిచ్చేదాన్ని. మా అమ్మ చెంబు ఎత్తి, గ్లాసుకి తగలకుండా, జానెడు పైనుంచి పోసేది. అక్కడ మాస్టారి ఇంట్లో మిరపకాయలు దంచి వచ్చిన రోజు ఇదే అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, "చూసినావా, మనకి ఏరే గ్లాసు! దేవుడు చూత్తన్నాడు" అని ఏడ్చేది. ఏడ్చి ముక్కు చీదుకుని, మర్నాడు ఫూల్‌మనీ తాగాక గ్లాసుని బూడిదతో తోమించి మేకుకి తగిలించేది. రెండూ ఒకటేనని ఆమెకి తట్టలేదు. అక్కడిది అవమానం, ఇక్కడిది అలవాటు. మనకి జరిగితే పాపం, మనం చేస్తే పద్ధతి. మా అమ్మని తిడుతున్నానని నువ్వు కలం ఆపకు జ్యోతీ. ఆమె నీకూ అమ్మమ్మే. రాయి.

నేను పుట్టినప్పటినుంచి విన్నది ఆ ఒక్క మాటే. గ్లాసుల్లో స్టీలు గ్లాసు, గాజు గ్లాసు, రాంచీ. అలా అనుకున్నాను. చెవి ఉండి, మేకుకి తగిలేది ఏదైనా రాంచీ అని నా లెక్క. ఫూల్‌మనీ కూతురు సుశీల బళ్ళో నా బెంచీయే. చెరువు గట్టు మీద పీతల్ని పట్టినా, జామకాయలు దొంగిలించినా ఇద్దరం కలిసే. మమ్మల్ని కాలీ అనేవాళ్ళు, దాన్ని జంగ్లీ అనేవాళ్ళు. దాన్ని జంగ్లీ అన్న గుంపులో విమలమ్మ ఉంది. నేను లేనని చెప్పడానికి నోరు రావడం లేదు. దాని ఎదురుగా అనలేదు, అంతే.

ఒకరోజు విమలమ్మ తండ్రి గోడకి దేశం పటం తగిలించి, కర్రతో చూపిస్తూ హిందీలో అడిగాడు, "రాంచీ క్యా హై? కౌన్ బతాయేగా?" రాంచీ అంటే ఏమిటో ఎవరు చెబుతారు అని. నాకు జన్మలో ఒక్క ప్రశ్నకి జవాబు తెలిసింది. ఎగిరి చెయ్యి ఎత్తాను.

"గిలాస్ హై, సర్! హమారే ఘర్ కే పీఛే టంగా రహతా హై!"

గ్లాసండీ, మా ఇంటి వెనక వేలాడుతూ ఉంటుంది, అన్నాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారికి అయింది. ఆయన కర్ర బల్ల మీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయనకి ఎందుకు అర్థమైందో నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆయన కిటికీ మీదా ఒకటుంది కదా. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. ఏం చేశానో తెలియక నేనూ నవ్వాను. సుశీల నవ్వలేదు. అది నా వైపు చూడలేదు కూడా. పటంలో కర్ర ఆగిన చోటే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం మా నాన్నకి కబురు తెలిసి, మా అమ్మకి చెప్పాడు. మా అమ్మ నన్ను కొబ్బరి ఈనెలతో కొట్టింది. "ఇంట్లో మాట బళ్ళో సెప్తావా? ఆళ్ళు నవ్వుతున్నారే మనల్ని!" అని కొట్టింది. గ్లాసు పెట్టినందుకు కాదు, గ్లాసు మాట చెప్పినందుకు. గ్లాసు మేకు మీదే ఉంది.

ఆ వారం ఫూల్‌మనీ మోపు దించింది. మెడ తిప్పుకుంది. చెమట గడ్డం మీదినుంచి కారుతోంది. మా అమ్మ చెంబు పట్టుకుని వచ్చింది, నేను గ్లాసు తీశాను. ఫూల్‌మనీ చెయ్యి చాపలేదు.

"ప్యాస్ నహీ హై, దీదీ," అంది. దాహం లేదు, అంది.

ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు కట్టెలు మోసినా మా ఇంటి దగ్గర ఆమెకి దాహం వెయ్యలేదు. మా అమ్మ మూతి తిప్పి, "ఓలమ్మో, రాంచీదానికి పొగరు సూడు" అంది. నేనూ అదే అనుకున్నాను. ఒక దాహంలేని మనిషిని చూసి పొగరు అనుకుని బతికిన ఇల్లు మాది.

సుశీల చదివింది, నర్సు అయింది. నేను పరీక్ష తప్పాను, లష్కరుని చేసుకున్నాను. ఇద్దరం పోర్ట్ బ్లెయిర్ చేరాం. మార్కెట్లో కనబడితే నవ్వేది, పిల్లలకి జ్వరమొస్తే వచ్చి చూసేది. నా మొగుడు పోయిన రోజు అందరికంటే ముందు వచ్చింది ఆమే. శవానికి స్నానం చేయించడంలో సాయం చేసింది, సమాధి దాకా నా చెయ్యి పట్టుకుని నడిచింది. తిరిగొచ్చాక ఎవరో టీ ఇచ్చారు. "ప్యాస్ నహీ హై" అంది. వాళ్ళమ్మ గొంతే. నెత్తిన చెంగు వేసుకుని ఏడుస్తూ కూడా నేను మనసులో అనుకున్నాను: పెద్ద నర్సు కదా, మా ఇంట్లో తాగుతుందా, పొగరు. మొగుడు పోయిన రోజు, జ్యోతీ! ఆ రోజు కూడా.

విమలమ్మ వెళ్ళిన రోజు నేను అన్నం తినలేదు. బియ్యం డబ్బాలోంచి గ్లాసు తీసి కొంగులో చుట్టాను. ఇక ఎన్నాళ్ళుంటానో తెలీదు. పోయేలోపు సుశీల నా చేతి నీళ్ళు ఒక్క గుక్క తాగితే చాలనిపించింది. ఇంకేదీ అక్కర్లేదు. ఆటో ఎక్కి మిడిల్ పాయింట్ వెళ్ళాను. దుకాణాల వెనక సందులో మేడ మీద ఆమె ఇల్లు. మోకాళ్ళు పట్టేసి, గోడ పట్టుకుని ఎక్కాను.

సుశీల కుర్చీలో కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది. "అరే, దీవెనా! ఇత్‌నా ఎండలో ఎందుకు వచ్చినావ్? ఫోన్ చేస్తే నేనే వస్తును కదా," అంది. ఆమె తెలుగు మా ఇంటి దగ్గర నేర్చుకున్న తెలుగే. కోడలు టీ తెచ్చింది. పువ్వుల కప్పులు, ఆమెకొకటి, నాకొకటి, రెండూ ఒకే జత. నేను కప్పు ముట్టుకోకుండా కొంగు విప్పి గ్లాసు బయటికి తీశాను. కోడలితో, "అమ్మా, నాది దీంట్లో పొయ్యి" అన్నాను.

సుశీల గ్లాసుని గుర్తుపట్టింది. ఎన్నేళ్ళయినా చూడగానే పట్టింది. నూనె చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"క్యోం? ఎందుకు?" అంది. "దీంట్లో నువ్వు తాగితే ఏమవుతాది? నీ దిల్ తేలిక అవుతాది. మా అమ్మ ప్యాస్ తీరతాదా?"

"తప్పయిపోనాది సుశీలా," అన్నాను.

"తప్పు తెలిసింది కబ్? ఈ దినమా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు తెలిసింది. నువ్వే చెప్పినావ్, క్లాస్‌లో, చెయ్యి ఎత్తి." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఘర్ వెళ్ళి అమ్మని అడిగినాను, దీవెనా ఇంట్లో నీకు ఏ గ్లాసు ఇస్తారు అని. అమ్మ చెప్పలే. రోటీ కాలుస్తా ఉంది, కాలుస్తానే ఉంది, మాడిపోయినా తియ్యలే. ఆ మాడు రోటీయే తిన్నాము ఆ దినం."

ఆమె చెయ్యి చాపింది. గ్లాసు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, లోపల అంటిన బియ్యప్పిండి వేలితో తుడిచి చూసింది.

"దీంతో చావల్ కొలుస్తున్నావా?"

"ఆఁ."

"మా అమ్మ ఒక్కసారయినా తిన్నాదా ఆ చావల్?" జవాబు కోసం ఆగలేదు. గ్లాసుని కోడలికిచ్చింది. "బేటీ, ధోకే అందర్ రఖ్ దో. మీ నానీది ఇది. ఇత్‌నా దిన్ వేరేవాళ్ళ ఇంట్లో ఉండిపోయింది." కడిగి లోపల పెట్టమంది. తర్వాత నా వైపు తిరిగింది. "గ్లాస్ వచ్చేసింది. పేరు కూడా ఇక్కడే వదిలేసి పో, దీవెనా. నీ నోట్లో పెట్టుకుని తీసుకుపోవద్దు. చాయ్ తాగు. మా ఇంట్లో గ్లాసులకి పేర్లు లేవు."

ప్యాస్ నహీ హై అనాలనిపించింది. ఆ మాట నాది కాదు. దాన్ని వాడుకునే హక్కు నాకు లేదు. పువ్వుల కప్పులో అడుగు దాకా తాగాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగాను, ఆదివారం వస్తావా అని.

"వస్తాను. ఎన్నిసార్లు రాలే? ప్యాస్ ఉంటాదో లేదో, అది మాత్రం నాకు తెలీదు."

ఆదివారం సుశీల వచ్చింది. జ్యోతీ, నువ్వున్నావు కదా, చూశావు. గంటసేపు కూర్చుంది. మోకాళ్ళ గురించి మాట్లాడింది, మనవడి పరీక్షల గురించి మాట్లాడింది. నేను నా స్టీలు గ్లాసుల్లో రెండు తీసి, ఒకే చెంబులోంచి పోసి, ఒకటి ఆమె ముందు, ఒకటి నా ముందు పెట్టాను. నేను తాగాను. ఆమె గ్లాసు చుట్టూ వేళ్ళు పెట్టింది. చల్లగా ఉన్నాయి నీళ్ళు, అంది. వేళ్ళు తీసేసింది. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి వెళ్ళింది. గ్లాసులో నీళ్ళు ఇంచి కూడా తగ్గలేదు. నేను కొలిచి చూశాను.

నిన్న విమలమ్మ ఫోను చేసింది. "దీవెనమ్మా, కోపం తగ్గిందా? రాయించావా? కాస్త తియ్యటి సంగతులు చూసి పెట్టు. పుస్తకం నలుగురూ చదివేది." రాయించాను, వేస్తే మీ కిటికీ, మా మేకు రెండూ వెయ్యండి, ఒకటి వేసి ఒకటి తీస్తే మీ సంఘం గుమ్మంలో కూర్చుని నేనే నోటితో చదువుతాను, అన్నాను. ఫోను పెట్టేసింది.

బియ్యం ఇప్పుడు కొబ్బరిచిప్పతో తీస్తున్నాం. కొలత కుదరడం లేదు, ఒకరోజు మిగులు, ఒకరోజు చాలడం లేదు. ఈ పొద్దున్న కూడా డబ్బా మూత తీసి, "జ్యోతీ, రా..." అని నోటిదాకా వచ్చింది. జ్యోతి తనని రమ్మంటున్నాననుకుని లేచి వచ్చింది. "ఏంటి పెద్దమ్మా?" అంది. ఏం లేదన్నాను.